చెన్నపట్నంలో గోలీసోడా

ఉగాది సంచికకు రాజుల కథో, కవుల కథో వ్రాయక సోడాబుడ్డి కథ వ్రాయుటేమని మిత్రులు నవ్వవచ్చును. కాని ఈ నగరంలో ఒక్క ఎండాకాలం గడిపిన తెలుగువారెవరూ దానిని తేలికగా చూడజాలరు. లావుపాటి కళ్లజోడుకు కూడ దాని పేరే పెట్టుకొన్నవారము మనము!

సోడాకు పుట్టినిల్లు బీరుబట్టీ. 1767 లో ఇంగ్లండులోని లీడ్స్ పట్టణంలో ప్రీస్ట్లీ అనే మతాచార్యుడు, పొరుగు బట్టీలో బీరుతొట్టెల మీద నిలిచే బొగ్గుపులుసు వాయువును నీటిలో కలిపి, ఆ నీరు నాలుకకు చురుక్కున తగులుట గ్రహించినాడు. 1783 లో జెనీవాలో ష్వెప్ దానిని వ్యాపారం చేసినాడు.

పానీయానికి ఈ వాయువు పట్టించే త్రోవలు రెండు. తాటికల్లు కుండలో తనంత తానే పొంగడం మన పల్లెలలో చూచినదే. ఈస్టు చక్కెరను తిని వాయువును విడుస్తుంది. ఇంట బీరు కాచుకొనే పాశ్చాత్యులు సీసాకు మూత బిగించే ముందు లీటరుకు ఆరేడు గ్రాముల చక్కెర వేసేది ఇందుకే. రెండు వారాలలో వాయువు లోపలనే పుట్టి, పోవుటకు దారిలేక, బీరులో కలుస్తుంది. చక్కెర మితిమీరితే సీసా పగులుతుంది. పీపాలో పోసేవారికి ఇంతకన్న తక్కువ చక్కెర చాలును. లేదా సిలిండరునుండి వాయువును పంపి కొద్దిరోజులలో పని ముగిస్తారు. మన సోడాది ఈ సిలిండరు త్రోవయే.

వాయువును పట్టించడం ఒక ఎత్తు, నిలపడం మరొక ఎత్తు. బెండుబిరడా ఎండితే వాయువు జారిపోతుంది. 1872 నాటికి లండనులో హైరమ్ కాడ్ ఉపాయం కుదిర్చినాడు. సీసాను తలక్రిందులుగా నింపితే గోలీ మెడలోకి జారుతుంది. లోపలి వాయువే దానిని రబ్బరుచుట్టకు అదిమి పట్టుతుంది. పారిపోజూచే దొంగచేతనే తలుపు వేయించినట్లు!

చల్లని నీటిలో వాయువు బాగా ఇముడుతుంది. ఆ చలువకై 1842 లో మన సముద్రతీరాన మంచుకొట్టు కట్టి, అమెరికానుండి ఓడలలో మంచుగడ్డలు తెప్పించినారు. నేడది వివేకానంద స్మారక మందిరం. 1863 లో ఇక్కడ మొదలైన స్పెన్సరువారి సోడా దొరలలో పేరు పొందినది. సామాన్యుని దాహం తీర్చినది మాత్రం వీధిమలుపు గోలీసోడాయే.

ఆ సోడా కట్టినవారి కష్టం ఎవరు వ్రాసినారు? ఇనుపపెట్టెలో సీసాలు బిగించి, పిడిపట్టి త్రిప్పుతూ వాయువు నింపేవారు. పాతసీసాకు కనబడని బీట వున్నదంటే గాజుపెంకులు ఎగిరేవి. పెట్టె ఆపినవి కొన్ని, చేతులకూ కండ్లకూ తగిలినవి కొన్ని. పిమ్మట రేకుమూతలూ ప్లాస్టిక్ సీసాలూ వచ్చి చిన్న దుకాణాలనేకం మూతబడినవి. ఇటీవల గోలీసీసా క్రొత్త సొగసుతో మరల అంగళ్లలో కనబడుతున్నది. పిడి త్రిప్పిన చేతులు మాత్రం మరుగునపడినవి.

మన సభ్యుల ఇండ్లలో ఆ పని ఎరిగిన పెద్దలున్నచో, వారిని చెంత కూర్చుండబెట్టుకొని ఆ ముచ్చట్లు వ్రాసిపెట్టవలసినదిగా కోరుచున్నాము. వచ్చే ఉగాదికి ఆ కాగితాలు మన సంచికలో చేరితే మాకంతకన్న సంతోషం లేదు.