అమ్మను పేరు పెట్టి పిలిచిన రాత్రి

1970 ఫిబ్రవరి 13, శుక్రవారం రాత్రి. చైనాలో అన్‌హుయి రాష్ట్రం. హువాయ్ నదికి ఉత్తరాన గుజెన్ అనే చిన్న పట్నం. చైనా వాళ్ల కొత్త సంవత్సరం వచ్చి వారమైంది. మన లెక్కన మాఘమాసం. పండగ జాడ మాత్రం ఎక్కడా లేదు. ఆ సెలవుల్ని 1967లోనే ప్రభుత్వం ఎత్తేసింది. బయట చలి. ఒక ఇంట్లో మాత్రం గొంతులు లేస్తున్నాయి. తండ్రి, తల్లి, పదహారేళ్ల కొడుకు. గోడ మీద కమ్యూనిస్టు పార్టీ అధినేత మావో బొమ్మ. గొడవ ఆ బొమ్మ గురించే.

తల్లి పేరు ఫాంగ్ జోంగ్‌మో. 44 ఏళ్లు. కౌంటీ ఆసుపత్రిలో పనిచేస్తుంది. అన్నాళ్లుగా మింగుకుంటూ వచ్చిందంతా ఆ రాత్రి బయటపడింది. ఒక మనిషిని దేవుణ్ణి చేసి ఊరూరా ఈ బొమ్మలేమిటి, ఈ భజనేమిటి అంది. భర్త ఆపమన్నాడు. ఆమె ఆగలేదు. కొడుకు గుడ్లురిమి చూశాడు. అయినా ఆగలేదు. పైగా నోట అనకూడని పేరు ఒకటి ఎత్తింది. లియు షావోచీ.

ఒకప్పుడు ఆయన చైనా దేశాధ్యక్షుడు. మావో నడిపిన సాంస్కృతిక విప్లవంలో ద్రోహి అని ముద్ర వేసి పార్టీలోంచి గెంటేశారు. ఆయనకి అన్యాయం జరిగింది, ఆ ముద్ర చెరిపెయ్యాలి అంది ఫాంగ్. నిజానికి అప్పటికి మూడు నెలల కిందటే, 1969 నవంబర్ 12న, కైఫెంగ్‌లో నిర్బంధంలో ఆయన ప్రాణం పోయింది. మారుపేరుతో దహనం చేసేశారు. దేశానికి చెప్పలేదు. చచ్చిపోయిన మనిషి కోసం వాదిస్తున్నానని ఆమెకి తెలీదు. తన మెడకి ఏం చుట్టుకుంటుందో మాత్రం బాగా తెలుసు.

అప్పటి చట్టం అలాంటిది. మావోని ఒక్క మాటన్నా విప్లవద్రోహమేనని 1967 జనవరిలోనే నిబంధనలు వచ్చాయి. చాలదన్నట్టు, ఆ రాత్రికి సరిగ్గా పదమూడు రోజుల ముందు, జనవరి 31న, పార్టీ కేంద్రం నుంచి మరో ఆదేశం దిగింది. విప్లవద్రోహుల్ని వెతికి పట్టుకోండి, గట్టిగా కొట్టండి అని. జిల్లాజిల్లాకీ వేట మొదలైంది. ఇంట్లో అన్న మాట ఇంట్లోనే ఉండిపోతే గండం గడిచినట్టే. గడప దాటితే ప్రాణం పోయినట్టే.

కొడుకు లేచి నిలబడ్డాడు.

మావోకి ఎదురు చెబితే నీ కుక్కతల పగలగొడతానన్నాడు. కుక్కతల. మేష్టర్లని, ఆఫీసర్లని వీధిలోకి ఈడ్చి ఎర్ర రక్షకులనే విద్యార్థి దళాలు తిట్టే తిట్టు అది. ఇప్పుడది గడప లోపలికి వచ్చింది. కన్నతల్లి మొహం మీద పడింది. ఆ క్షణంలో తనకి అమ్మ కనపడలేదని పెద్దయ్యాక ఆయనే చెప్పాడు. పచ్చబారిన మొహం, పొడుచుకొచ్చిన కోరలు, నెత్తురు నోరు, అలా కనపడిందట. పదహారేళ్లు అన్నం కలిపి పెట్టిన మనిషి అలా ఎలా కనపడుతుంది? అది ఒక్క రాత్రిలో జరిగే పని కాదు.

ఆ కుర్రాడికి పుట్టినప్పుడు పెట్టిన పేరు జాంగ్ తియెఫు. 1953లో పుట్టాడు. చైనా బడుల్లో చిన్నపిల్లల మెడకి ఎర్ర రుమాలు చుట్టేవాళ్లు. పయనీర్ల దళం. అమరుల నెత్తుటితో తడిసిన జెండాలో ఒక ముక్క నీ మెడలో ఉందని చెప్పేవాళ్లు. అతనికి పదేళ్లప్పుడు, 1963లో, దేశమంతా ఒక్కసారిగా లేయ్ ఫెంగ్ పేరు మోగింది. 21 ఏళ్లకే ప్రమాదంలో పోయిన సైనికుడు. తల్లీ తండ్రీ లేని అనాథ. అతని డైరీని పిల్లల చేత వల్లె వేయించారు. ఆ డైరీలో పార్టీయే తల్లి. ఇంట్లో ఉన్నది కన్న తల్లి మాత్రమే, అసలు తల్లి వేరే ఉందని పిల్లలకి అర్థమైంది. అమ్మ అనే మాటని నెమ్మదిగా ఇంట్లోంచి తీసుకెళ్లి గోడ మీది బొమ్మ దగ్గర పెట్టారు. ఎవరూ గమనించలేదు.

తర్వాత 1966 వచ్చింది.

మే నెలాఖర్లో బీజింగ్‌లో ఒక పెద్ద బడి పిల్లలు తమని తాము ఎర్ర రక్షకులని పిలుచుకున్నారు. ఆగస్టు 5న అదే నగరంలో ఒక బాలికల బడిలో, ఉప ప్రధానోపాధ్యాయిని బియాన్ జోంగ్‌యున్‌ని ఆమె శిష్యురాళ్లే కొట్టి కొట్టి చంపారు. పదమూడు రోజులకే, ఆగస్టు 18న, తియనాన్మెన్ ద్వారం బురుజు మీద మావో నిలబడి ఉండగా అదే బడి విద్యార్థిని ఒకామె ఆయన చేతికి ఎర్ర పట్టీ కట్టింది. నీ పేరేమిటని ఆయన అడిగాడు. పేరులో సౌమ్యం అనే అర్థం ఉందని విని, పోరాటం వద్దా అన్నాడు. ఆ మాట దేశమంతా పాకింది. అక్కణ్ణుంచి పిల్లలకి రైలు ఉచితం, తిండి ఉచితం, పడక ఉచితం. బడి లేదు, పరీక్ష లేదు, అడ్డుచెప్పే పెద్ద లేడు, చేతిలో మావో సూక్తుల ఎర్ర పుస్తకం, చేతికి ఎర్ర పట్టీ, ఆ ఆగస్టు నుంచి నవంబర్ దాకా ఎనిమిది విడతల్లో కోటీ పది లక్షల మంది రాజధానికి పోటెత్తి, ఆ బురుజు మీద ఉన్న మనిషిని దూరం నుంచి ఒక్కసారి చూసి, ఏడ్చి, అరిచి, ఒళ్లు మరిచి, తిరిగి రైలెక్కారు. వెళ్లినవాళ్లందరూ వెళ్లినట్టు తిరిగి రాలేదు.

వెళ్లినవాళ్లలో తియెఫు అక్క ఉంది. పదహారేళ్ల పిల్ల. మావోని చూసి వచ్చింది. వస్తూ వస్తూ మెదడు పొరల వాపు జబ్బు తెచ్చుకుంది. కిక్కిరిసిన రైళ్లలో, పిల్లల్ని పేర్చినట్టు పడుకోబెట్టిన హాళ్లలో ఆ జబ్బు నిప్పులా అంటుకుంది. ఆ చలికాలం, ఆ మరుసటి వసంతం కలిపి దేశంలో లక్షా అరవై వేల మందికి పైగా దానికి బలయ్యారు. అక్క కూడా పోయింది. ఆసుపత్రిలో పనిచేసే తల్లి తన కూతుర్ని కాపాడుకోలేకపోయింది. ఆ ఇంటిని ఉద్యమం మొదటిసారి ముట్టుకోవడం అదే. మళ్లీ ముట్టుకుంది.

ఈసారి పేరు. తియెఫు అంటే ఉక్కు మనిషి. తండ్రి పెట్టిన ఆ పేరు పాతబడిపోయింది. హోంగ్‌బింగ్ అని మార్చుకున్నాడు. ఎర్ర సైనికుడు. తర్వాత తండ్రి వంతు. కౌంటీ ఆరోగ్య శాఖలో అధికారిగా ఉన్న జాంగ్ యుయెషెంగ్‌ని పెట్టుబడిదారీ బాట పట్టినవాడని సభల్లో నిలబెట్టారు. భార్య ఆ సభలకి వెంట వెళ్లి, దెబ్బలకి అడ్డుపడింది. పదమూడేళ్ల కొడుకు ఏం చేశాడు? పెద్ద కాగితం తీసుకుని, బొద్దు అక్షరాలతో తండ్రి మీద వాల్‌పోస్టర్ రాశాడు. ఎవరూ బలవంతపెట్టలేదు. అందరు పిల్లలూ రాస్తున్నారు. రాయనివాడి మీద అనుమానం. అక్క పోయింది, పేరు పోయింది, తండ్రి మీద గౌరవం పోయింది. మిగిలింది తల్లి.

ఆ తల్లే ఇప్పుడు ఎదురుగా నిలబడి ఉంది.

భర్త కాగితం తెచ్చాడు. ఆ రెండు మూడేళ్లలో తిన్న దెబ్బల భయం ఆయన ఒంట్లో ఇంకా ఉంది. ఇందాక అన్నదంతా దీని మీద రాయి అన్నాడు. ఆమె వెనకాడలేదు. అదెంత, అయిదు నిమిషాల పని అంది. కలం పట్టుకుంది. రాసింది. తన మరణ వాంగ్మూలం తానే రాసి, సిరా ఆరకముందే భర్త చేతికిచ్చింది. ఇక నీకూ మాకూ సంబంధం తెగిపోయింది అన్నాడు ఆయన. కాగితం జేబులో పెట్టుకుని చలిలోకి నడిచాడు. తలుపు మూసుకుంది.

కొడుక్కి అది చాల్లేదు.

నాన్న నిజంగా అధికారుల దగ్గరికే వెళ్లాడా? దార్లో మనసు కరిగి వెనక్కి వచ్చేస్తే? ఒక మాటలో చెప్పాలంటే, తండ్రి ఇంకా మనిషిగానే మిగిలి ఉంటాడేమోనని కొడుకు భయపడ్డాడు. తనూ కూర్చున్నాడు. తనూ కాగితం తీశాడు. అమ్మ అని రాయలేదు. ఫాంగ్ జోంగ్‌మో అని రాశాడు, పూర్తి పేరు, ఎవరో పరాయి మనిషి గురించి రాసినట్టు. ఆమె విప్లవద్రోహి అన్నాడు. కాల్చి చంపాలన్నాడు. ఆ మాటకి అర్థం తెలియని వయసు కాదు. తెలిసే రాశానని తర్వాత ఒప్పుకున్నాడు. చొక్కాకి ఉన్న ఎర్ర రక్షకుల బ్యాడ్జి ఊడదీశాడు. ఉత్తరంతో కలిపి పట్టుకుని వీధిలో పడ్డాడు.

సైనిక ప్రతినిధి ఉండే చోటు దగ్గర ఆగాడు. అప్పట్లో ఊళ్లో అసలు అధికారం ఆ ప్రతినిధిదే. తలుపు మూసి ఉంది. చప్పుడు చెయ్యలేదు. వంగాడు. కాగితాన్నీ బ్యాడ్జినీ తలుపు కింద సందులోంచి లోపలికి తోశాడు. ఇక చెయ్యి పెట్టి వెనక్కి లాగలేడు.

ఇంట్లో ఆమె ఊరికే కూర్చోలేదు. గోడ మీంచి మావో బొమ్మల్ని కిందికి లాగింది. నిప్పు పెట్టింది. ఆ రోజుల్లో మావో ఫొటో ఉన్న పత్రిక మీద కూర్చున్నా నేరమే. ఆమె బొమ్మని బూడిద చేసింది. అప్పటిదాకా ఉన్నది మాట. ఇప్పుడు రుజువు. పొగ ఇంకా పోలేదు. బయట అడుగుల చప్పుడు.

వాళ్లు లోపలికొచ్చారు. ఆమె కాలి మీద తన్నారు. మోకాళ్ల మీద పడింది. తాడు తీశారు. చేతులు వెనక్కి విరిచి బిగించారు. అప్పుడు గదిలో ఒక చప్పుడైంది. భుజం ఎముక కీలు కరకరమన్న చప్పుడు. కొడుకు అక్కడే ఉన్నాడు. విన్నాడు. నాలుగు దశాబ్దాలు దాటాక కూడా ఆ చప్పుడు చెవిలోంచి పోలేదన్నాడు. ఆమెని నడిపించుకుపోయారు. తల వంచలేదు. తిరిగి ఆ ఇంట్లో అడుగు పెట్టలేదు.

మార్చి వెళ్లింది. ఏప్రిల్ మొదటి వారంలో ఛింగ్‌మింగ్ వచ్చింది, చైనా వాళ్లు పెద్దల సమాధులు తుడిచి దణ్ణం పెట్టుకునే రోజు. అది దాటి వారం తిరక్కముందే, ఏప్రిల్ 11న, ఫాంగ్ జోంగ్‌మోని కాల్చి చంపారు. అరెస్టు చేసి రెండు నెలలైనా నిండలేదు.

కొడుకు ఏమయ్యాడు? మెచ్చుకున్నారు. చైనా వాళ్లకి పూర్వకాలం నుంచి ఒక మాట ఉంది: దా యీ మియె ఛిన్. న్యాయం కోసం సొంతవాళ్లనైనా బలిపెట్టడం. రెండు వేల ఏళ్లకి పైబడిన ఆ మాటని తీసుకొచ్చి పదహారేళ్ల పిల్లవాడి భుజాన వేశారు. కౌంటీలో పెట్టిన ఎగ్జిబిషన్‌లో అతను చేసిన పనిని బొమ్మలు గీసి ప్రదర్శించారు. మిగతా పిల్లలు వరసలో నిలబడి చూసి నేర్చుకోవాలి. వర్గశత్రువు తల్లి రూపంలో వచ్చినా గుర్తుపట్టాలి. ఆ గోడ మీద తన బొమ్మని తను చూసుకున్నాడు హోంగ్‌బింగ్. అమ్మ బొమ్మనీ చూశాడు.

మావో 1976లో పోయాడు. గోడలన్నీ మెల్లగా మారాయి. 1980 ఫిబ్రవరిలో పార్టీ కేంద్ర సమావేశం లియు షావోచీ మీది ముద్ర చెరిపేసింది. ఆయన నిర్దోషి అని దేశమంతా పత్రికల్లో చదివింది. పదేళ్ల కిందట, అదే ఫిబ్రవరిలో, ఒక ఇంట్లో ఒక ఆడమనిషి చెప్పిన మాటే అది. అక్షరం మారలేదు. జులై 23న కోర్టు ఆమె కేసు తిరగేసింది. అప్పటి తీర్పు తప్పు, ఆమె నిర్దోషి అని కాగితం ఇచ్చింది. ఆ కాగితాన్ని తండ్రీ కొడుకూ అందుకున్నారు. ఎవరి చేతులు దాన్ని అందుకున్నాయో ఇద్దరికీ తెలుసు.

హోంగ్‌బింగ్ లాయరయ్యాడు. అమ్మ సమాధిని రక్షిత కట్టడంగా గుర్తించమని సొంత కౌంటీని అడిగాడు. వాళ్లు ఒప్పుకోలేదు. కోర్టుకెక్కాడు. ఓడిపోయాడు. 2013లో, అరవయ్యేళ్ల వయసులో, పత్రికల ముందు కూర్చుని అంతా చెప్పాడు: బ్యాడ్జి, ఉత్తరం, తలుపు సందు, ఎముక చప్పుడు, ఏదీ దాచలేదు. కుర్రతనం అని తప్పించుకోలేదు. తనలాంటి వాళ్లు ఎందరో నోరు విప్పకుండా ముసలివాళ్లైపోతున్న దేశంలో, తన పేరు తానే చెప్పుకున్నాడు. తననీ, అమ్మనీ, నాన్ననీ ముగ్గుర్నీ సాంస్కృతిక విప్లవం మింగేసిందన్నాడు.

సమాధి దగ్గరికి వెళ్లినప్పుడల్లా మట్టి మీద సాగిలపడి ఏడుస్తాడు. అమ్మా అని పిలుస్తాడు. ఇప్పుడు పేరు పెట్టడు.

ఆమె కలలో కూడా వస్తుందట. 1970లో ఎలా ఉందో అలాగే. నలభై నాలుగేళ్ల మనిషి. ఇప్పుడు కొడుకు కన్నా చిన్నది. అతను నేల మీద మోకరిల్లి, ఎక్కడ మాయమైపోతుందోనని రెండు చేతులూ గట్టిగా పట్టుకుంటాడు. క్షమించమని అడుగుతాడు. మళ్లీ మళ్లీ అడుగుతాడు.

ఆమె ఒక్కసారి కూడా పలకలేదు.