బందు వేరు, కర్ఫ్యూ వేరు

ఈ ప్రత్యేక సంచికకు హైదరాబాదు చరిత్ర మీద ఏదైనా వ్రాయమని మన కార్యదర్శిగారు కోరారు. నవాబుల చరిత్ర వ్రాసినవారు చాలామంది ఉన్నారు. గొడవల రోజుల్లో సామాన్యుడు ఇల్లు కదిలి క్షేమంగా ఎలా తిరిగి వచ్చాడన్నది వ్రాసినవారు తక్కువ. గుమాస్తాగా నాకు తెలిసిన చరిత్ర అదే.

ముందుగా మూడు మాటలకు తేడా చెప్పాలి. బందుకు పిలుపునిచ్చేది పార్టీలు, సంఘాలు. కొట్లు మూస్తారు, బస్సులు ఆగుతాయి. అయినా రోడ్డు మీద నడవడం నేరం కాదు. బలవంతపు బందులు రాజ్యాంగ విరుద్ధమని 1997లో కేరళ హైకోర్టు చెప్పగా, సుప్రీంకోర్టు అదే ఏడాది ఆ తీర్పును సమర్థించింది. ఇక 144వ సెక్షన్ అంటే సాధారణంగా అయిదుగురు అంతకు మించి గుమికూడరాదని ఉత్తర్వు. ఒక్కడివి నీ పని మీద నీవు పోవచ్చు. కర్ఫ్యూ అంటే గడప దాటకూడదు. అదీ 144 కిందనే విధించేవారు, దాటితే 188 కింద కేసు. ఈ తేడా తెలియక లాఠీ దెబ్బలు తిన్నవారున్నారు. 144 అనగానే భయపడి ఇంట్లో కూర్చుని కాజువల్ లీవులన్నీ పోగొట్టుకున్నవారూ ఉన్నారు.

1969లో నేను పి.యు.సి. విద్యార్థిని. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందంలోని రక్షణలు అమలు కాలేదని తెలంగాణ ఉద్యమం లేచింది. కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. కాల్పుల్లో ఎందరో విద్యార్థులు చనిపోయారు. గన్‌పార్కులోని అమరవీరుల స్తూపం వారి జ్ఞాపకార్థం కట్టిందే. అప్పట్లో మాకు సైకిలే వాహనం. గుంపు కనబడితే సైకిలు దిగి నడిపించుకుంటూ పక్క గల్లీలోకి మళ్ళమని పెద్దలు చెప్పేవారు. పరుగెత్తేవాణ్ణి అటు పోలీసులూ ఇటు గుంపూ ఇద్దరూ అనుమానిస్తారని వారి అనుభవం.

1990 డిసెంబరు అల్లర్లు వేరు. వందకు పైగా ప్రాణాలు పోయాయి. ఆ నెలలోనే చెన్నారెడ్డిగారు రాజీనామా చేయగా, 17న జనార్దనరెడ్డిగారు ముఖ్యమంత్రి అయ్యారు. మా కాపురం అప్పుడు అలియాబాదులో. పాతబస్తీకి, కొత్త ఊరికి మధ్య మూసీ. 1578లో కట్టిన పురానాపూల్ మొదలు నయాపూల్, చాదర్‌ఘాట్ దాకా వంతెనల మీద రాకపోకలు ఆపితే ఊరు రెండు ముక్కలే. నా ఆఫీసు నాంపల్లిలో, ఉస్మానియా ఆసుపత్రి అఫ్జల్‌గంజ్‌లో, అన్నీ అవతలి ఒడ్డునే. కర్ఫ్యూ సడలించిన కొద్ది గంటల్లోనే పాలు, బియ్యం, మందులు తెచ్చుకోవాలి.

ఒక రాత్రి మా నాన్నగారికి ఆయాసం ఎక్కువైంది. పక్కింటి సాయిబుగారికి ఆటో ఉంది కాని పాసు లేదు. ఆయన, నేను తెల్ల తువ్వాలు పట్టుకుని, దీపం ఉన్న రోడ్డు మీదుగానే నడిచి పోలీసు పికెట్‌కు వెళ్ళి సంగతి చెప్పాం. జమేదారు తిట్టాడు, తిడుతూనే జీపు పిలిపించాడు. నయాపూల్ దాటి ఆసుపత్రి చేరాం. నాన్నగారు ఆ తరువాత తొమ్మిదేళ్ళు బ్రతికారు. గల్లీల వెంట దాక్కుంటూ పోయి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను.

2011 నాటికి నేను రిటైరయ్యాను. సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. ఆర్.టి.సి. కార్మికులు కూడా చేరడంతో బస్సులు ఆగిపోయాయి. రైల్‌రోకోలు జరిగాయి. ఇది కర్ఫ్యూ కాదు, బండ్లు లేకపోవడం. మా పాత సెక్షన్‌లో గుంటూరు జిల్లా మిత్రుడొకాయన ఉండేవారు. వారి శ్రీమతికి వారానికి రెండుసార్లు డయాలసిస్. సమ్మె శిబిరంలో కూర్చున్న మన తెలంగాణ సహోద్యోగులే వంతులు వేసుకుని స్కూటర్ల మీద ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. రాష్ట్రం మాట వేరు, వదినగారి ఆరోగ్యం వేరు అన్నారు. 2014 జూన్ 2న రాష్ట్రాలు రెండయ్యాయి. ఆ ఇళ్ళ మధ్య రాకపోకలు మాత్రం నేటికీ ఆగలేదు.

ఇప్పుడు 2024 జూలై 1 నుంచి 144 స్థానంలో కొత్త చట్టంలో 163వ సెక్షన్ వచ్చింది. నంబరు మారినా అర్థం అదే. వెనుక ఆకాశవాణి వార్తలు విని బయలుదేరేవాళ్ళం. ఇప్పుడు ఫోన్లలో వచ్చే ప్రతి కబురూ నమ్మి పిల్లలు కంగారు పడుతున్నారు. ఉన్నది బందా, నిషేధాజ్ఞా, కర్ఫ్యూవా అన్నది పోలీసువారి ప్రకటన చూసి తేల్చుకోవాలి. పదిహేను రోజుల మందులు ఇంట్లో ఉంచుకోవాలి. గుర్తింపు కార్డు, ఆసుపత్రి చీటీ జేబులో ఉండాలి. ప్రాణం మీదకు వస్తే 112కు ఫోను చేసి, వెలుతురున్న పెద్ద రోడ్డు మీదుగా, అడిగి వెళ్ళాలి. ఇరుగుపొరుగుతో మాటామంచీ మాత్రం గొడవలు లేని రోజుల్లోనే కలుపుకోవాలి. కర్ఫ్యూ పెట్టాక పరిచయం చేసుకోవడం కుదరదు.