'డిస్' ఒక్కటి పట్టుకుంటే: చట్టాల ఇంగ్లిష్‌లో మనకు పనికొచ్చే మాటలు

ఇంగ్లిష్ మాటలను వరసగా బట్టీ పట్టడం కంటే, ఒకే ఉపసర్గతో మొదలయ్యేవాటిని ఒకచోట చేర్చి చదివితే బాగా గుర్తుంటాయి. పోటీ పరీక్షల గైడ్లూ ఇదే చెబుతాయి. కాకపోతే వాటిలోని మాటలు మన పనికి ఆమడ దూరం. అందుకే ఇక్కడ మేము 'డిస్' అనే ఒక్క ఉపసర్గనే తీసుకున్నాం. రాజ్యాంగంలో, అట్రాసిటీ చట్టంలో, కోర్టు ఉత్తర్వుల్లో, స్కాలర్‌షిప్ ఫైళ్లలో అడుగడుగునా తగిలేది ఇదే.

'డిస్' లాటిన్ నుంచి వచ్చింది. 'విడిగా, వేరుగా' అన్నది దాని పాత అర్థం. 'కాదు, లేదు' అన్నది మరో అర్థం. డిస్‌క్రిమినేషన్‌లో ఉన్నది మొదటిది: జల్లించి వేరుచేయడం. అందుకే 'డిస్‌క్రిమినేటింగ్ రీడర్' అంటే మంచిచెడ్డల తేడా తెలిసిన పాఠకుడు, అది పొగడ్త. వివక్ష అని చెప్పాలంటే 'డిస్‌క్రిమినేట్ అగెనెస్ట్' అనాలి. ఫిర్యాదు రాసేటప్పుడు ఆ 'అగెనెస్ట్'ను వదిలేయకండి.

అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది డిసెబిలిటీ. ఈ రోజు ఆ మాట వినగానే అంగవైకల్యం గుర్తొస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్నది ఆ అర్థమే. కానీ రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేస్తూ, దానివల్ల కలిగే 'డిసెబిలిటీ'ని అమలు చేయడం నేరం అంటుంది. అక్కడ శరీరం ప్రస్తావన లేదు. ఒక మనిషి చేయగలిగిన పనిని చేయనివ్వకుండా ఇతరులు పెట్టిన అడ్డు అది. బావిలో నీళ్లు తోడనివ్వకపోవడం, గుళ్లోకి రానివ్వకపోవడం, హోటల్లో వేరే గ్లాసు పెట్టడం అన్నీ ఆ మాట కిందికే వస్తాయి. 15వ అధికరణ రెండో క్లాజులోనూ ఇదే అర్థం. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 3వ సెక్షన్ మతపరమైన డిసెబిలిటీల గురించి, 4వ సెక్షన్ సామాజిక డిసెబిలిటీల గురించి చెబుతుంది. లోపం మనలో లేదు, అడ్డుపెట్టిన వాళ్ల చేతిలో ఉంది అని ఆ మాటే చెబుతోంది. డిక్షనరీలో మొదటి అర్థం చూసి ఆగిపోతే ఇది దొరకదు.

భూమి గొడవల్లో రెండు మాటలు కావాలి. డిస్‌ప్లేస్ అంటే ఉన్న చోటు నుంచి కదిలించడం. పోలవరం ముంపు గ్రామాల వాళ్లు డిస్‌ప్లేస్ అయినవాళ్లు. డిస్‌పొసెస్ అంటే స్వాధీనం లాక్కోవడం. పట్టా మన పేరునే ఉంటుంది, ఊరు కూడా వదలం, దున్నేది మాత్రం పెత్తందారు. అట్రాసిటీ చట్టం 3(1)(జి)లో ఉన్నది ఈ రెండో మాట. భూమి హక్కులు, నీటి వసతి అనుభవించకుండా అడ్డుకోవడం, పంట నాశనం చేయడం కూడా ఆ క్లాజులోనే ఉన్నాయి.

కోర్టు మాటలకు వద్దాం. డిస్మిస్ అంటే పిటిషన్ కొట్టేశారు. డిస్పోజ్డ్ ఆఫ్ అంటే విచారణ ముగించారు అని మాత్రమే. గెలిచామా ఓడామా అన్నది ఉత్తర్వు చదివితేనే తెలుస్తుంది. డిశ్చార్జ్ అంటే అభియోగాలు మోపకముందే నిందితుణ్ని వదిలేయడం, విచారణ జరిగాక నిర్దోషి అనడం అక్విటల్. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు రద్దు చేసి నిందితులను వదిలేసింది. అది అక్విటల్, డిశ్చార్జ్ కాదు. వార్తలు రాసేవాళ్లు ఈ తేడా గమనించాలి.

స్కాలర్‌షిప్ 'శాంక్షన్' అయిందంటే మంజూరైందని మాత్రమే. డబ్బు చేతికందడం డిస్‌బర్స్‌మెంట్, అంటే సంచీలోంచి బయటికి తీయడం. ఆర్టీఐ దరఖాస్తులో ఈ రెండింటి తేదీలూ విడివిడిగా అడగండి. సమాచారం బయటపెట్టడం డిస్‌క్లోజర్, మూసినదాన్ని తెరవడం.

పక్కనే 'మిస్' ఉంది. మిస్‌యూజ్ అంటే దుర్వినియోగం, డిస్‌యూజ్ అంటే వాడకుండా మూలపడేయడం. అట్రాసిటీ చట్టం మిస్‌యూజ్ అవుతోందన్న ఆందోళనతో సుప్రీంకోర్టు 2018 మార్చి 20న తీర్పు ఇచ్చింది. ఏప్రిల్ 2న దళితులు భారత్ బంద్ చేశారు. అదే ఏడాది పార్లమెంటు 18ఎ సెక్షన్ తెచ్చింది. ఎఫ్‌ఐఆర్ కోసం స్టేషన్ చుట్టూ తిరిగినవాళ్లను అడిగితే ఈ చట్టం రోగం డిస్‌యూజ్ అంటారు, మేమూ అదే అంటాం.

'డిస్'లా వినిపించే ప్రతి మాటా ఈ కుటుంబం కాదు. ఒకప్పటి 'డిప్రెస్డ్ క్లాసెస్'లో ఉన్నది 'డి', అంటే కిందికి. కిందికి నొక్కేసిన వర్గాలు అని. క్యాంపస్ నోటీసుల్లో కనిపించే డిసిప్లిన్ కూడా వేరే. అది శిష్యుడు అనే అర్థమున్న డిసైపుల్‌కు చుట్టం, దాని మూలం నేర్చుకోవడం అనే లాటిన్ క్రియ.