ఊబకాయం, శోథ: మేధాశక్తిపై ప్రభావం

ఊబకాయం వల్ల ఒంట్లో పైకి కనిపించని శోథ (ఇన్‌ఫ్లమేషన్) ఏళ్ల తరబడి కొనసాగుతుంది. ఇది జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, నిర్ణయం తీసుకునే నేర్పు మందగించడానికి దోహదం చేస్తుంది. డిమెన్షియా (మతిమరుపు జబ్బు)పై లాన్సెట్ కమిషన్ 2024లో పేర్కొన్న 14 ముప్పు కారకాల్లో నడివయసు ఊబకాయం ఒకటి.

జరిగే తీరు

దెబ్బ తగిలినప్పుడు వచ్చే వాపు కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. పొట్టలోని అవయవాల చుట్టూ పేరుకున్న కొవ్వు రేపే శోథ అలా తగ్గదు. కొవ్వు కణాలు ఉబ్బేకొద్దీ వాటి మధ్యకు మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు చేరి టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయనాలను విడుదల చేస్తాయి. ఊబకాయపు ఎలుకల కొవ్వులో టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అధికంగా ఉన్నట్టు 1993లో హోతామిస్లిగిల్, స్పీగల్‌మన్ బృందం చూపింది. ఇంటర్‌ల్యూకిన్-6 ప్రేరణతో కాలేయం సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. రక్తపరీక్షలో శోథ ఆనవాలుగా చూసేది దీన్నే.

ఈ రసాయనాలు రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న రక్షణ పొరను బలహీనపరుస్తాయి. మెదడులోని మైక్రోగ్లియా కణాలు రెచ్చిపోతాయి. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ దెబ్బతింటుంది. ఇన్సులిన్ పనితీరు మందగించడం, బీపీ, షుగరు, నిద్రలో ఊపిరి ఆగడం ఈ నష్టాన్ని పెంచుతాయి.

సన్నని ఒళ్లు, దాగిన కొవ్వు

భారతీయుల్లో బరువు ఒక్కటే చూస్తే సరిపోదు. 2004లో యాజ్ఞిక్, యుడ్కిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తమ శరీరాలనే పోల్చి చూపారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి బరువును అంచనా వేసే సూచిక) 22.3; కొవ్వు మాత్రం బ్రిటన్‌కు చెందిన యుడ్కిన్‌కు 9.1 శాతం, పుణెకు చెందిన యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఇలాంటి తేడాల వల్లే భారతీయులకు బీఎంఐ 25 నుంచే ఊబకాయంగా లెక్కిస్తున్నారు. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి.

తెలంగాణలో

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019–21) ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో 30.1 శాతం మందికి బీఎంఐ 25 లేదా ఆపైన ఉంది. ఇదే వయసు మహిళల్లో బక్కచిక్కినవారు దాదాపు 19 శాతం. నల్లమల అంచున, చెంచు గిరిజనుల పెంటలు (గూడేలు) ఉన్న నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల వంటి మండలాల్లో పోషణలేమిని మరిచి ఊబకాయం గురించే మాట్లాడటం కుదరదు.

ఊళ్లలో 30 ఏళ్లు దాటినవారి వివరాలను ఆశా కార్యకర్తలు నింపే సీబాక్ పత్రంలో నడుము కొలత ఉంటుంది. అరవై దాటినవారిని అయినవాళ్ల పేర్లు, ఇంటి చిరునామా మరిచిపోతున్నారా అని కూడా అడుగుతారు. నడుమును పక్కటెముకల కింది అంచుకూ తుంటి ఎముక పై అంచుకూ నడిమధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి, టేపు బిగించకూడదు.

పరిమితులు, నివారణ

ముసలితనంలో బరువు తగ్గడం డిమెన్షియాకు తొలి గుర్తూ కావచ్చు. అందుకే ఆ వయసులో బరువుకూ మతిమరుపుకూ ఉన్న సంబంధం నడివయసులో ఉన్నట్టు ఉండదు. సీఆర్‌పీ పెరగడం శోథకు గుర్తే గానీ, మతిమరుపుకు అదే కారణమని తేలలేదు.

ఫిన్లాండ్‌లో 60–77 ఏళ్ల 1,260 మందితో జరిగిన ఫింగర్ అధ్యయనంలో (2015) ఆహార నియమం, వ్యాయామం, మెదడుకు సాధన, బీపీ–షుగర్ల పర్యవేక్షణ కలిపి రెండేళ్లు అమలుచేస్తే మేధాశక్తి పరీక్షల్లో కొంత మేలు కనిపించింది.