వార్ధక్యమున ఆరోగ్యము : పుష్టిబిళ్ళల చరిత్ర

1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కలదని కనుగొనెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. 1960వ దశకపు తొలినాళ్ళలో గోదావరీ తీరమున రామగుండము ప్రాంతమునందు గనులు వెలసినవి. చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చి, తట్ట చేతబట్టి "బాయి పని"లోనికి దిగిన నాటి యువకులు నేడు వృద్ధులు.

పనినుండి విశ్రాంతి పొందిన కార్మికునికి నేడు మందుల అంగడిలో ఒక కొత్త ఆశ ఎదురగుచున్నది. ఎముకలకొక బిళ్ళ, రక్తమునకొక బిళ్ళ, ముసలితనమును ఆపుటకు మరియొక బిళ్ళ! ఇవి నిజముగా పనిచేయునా? ఈ ప్రశ్నకు సమాధానము పోషణశాస్త్ర చరిత్రలో కలదు. ఆ చరిత్రలో తెలుగునేలకును ముఖ్యమైన పాత్ర ఉన్నది.

తవుడులోని రహస్యము

వంద యేండ్లకు పూర్వము ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి విస్తారముగా నుండెను. కాళ్ళు తిమ్మిరెక్కుట, వాచుట, గుండె బలహీనపడుట దీని లక్షణములు. జావాలో డచ్చి వైద్యుడు ఐక్‌మన్ 1890వ దశకమునందే ఒక విషయమును గమనించియుండెను. మరపట్టిన తెల్లబియ్యము తిన్న కోళ్ళకు ఇట్టి వ్యాధి వచ్చుచుండెను. తవుడు పెట్టినచో నయమగుచుండెను. ఆహారములో అతిస్వల్పముగా ఉండి ప్రాణమును నిలుపు ఇట్టి పదార్థములకు 1912లో కాసిమిర్ ఫంక్ "విటమిన్" అని పేరిడెను. తవుడులో నున్నది బి1 విటమిన్. దంపుడు బియ్యము తినువారికిని, ఉప్పుడు బియ్యము తినువారికిని ఈ వ్యాధి అరుదు. ధాన్యమును ఉడికించి ఆరబెట్టునపుడు విటమిన్ గింజ లోపలికి చేరుటయే దీనికి కారణము.

ఈ వ్యాధిని పరిశోధించుటకే 1918లో రాబర్ట్ మెక్కారిసన్ కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక చిన్న ప్రయోగశాలను నెలకొల్పెను. అదియే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందెను.

కూనూరు ఎలుకలు

మెక్కారిసన్ ప్రయోగములలో వార్ధక్యమునకు సంబంధించినది ఒకటి కలదు. ఆయన వేయికి పైగా ఎలుకలకు పంజాబు సిక్కుల ఆహారమును పోలిన ఆహారము పెట్టి పెంచెను. ముడి గోధుమ రొట్టె, పాలు, వెన్న, మొలకెత్తిన పప్పులు, పచ్చి కూరగాయలు, అప్పుడప్పుడు మాంసము ఆ ఆహారమున ఉండెను. ఎలుకలకు 27 నెలల వయస్సు మానవునికి సుమారు 50, 55 ఏండ్లకు సమానము. అంతవరకు ఆ ఎలుకలలో చెప్పుకోదగిన వ్యాధులు కనిపించలేదు. తెల్లబియ్యము ప్రధానమైన ఆహారముతోగాని, తెల్లరొట్టె, తీపి తేనీరు, డబ్బా మాంసములతోగాని పెరిగిన ఎలుకలు మాత్రము పలు వ్యాధులకు లోనయ్యెను.

ఇచట గమనింపదగిన విషయమేమనగా, ఆరోగ్యముగా నున్న ఎలుకలు ఏ బిళ్ళను మ్రింగలేదు. పాలు, పప్పు, కూరలు, ముడి ధాన్యము కలిసియున్న భోజనమే వాటి రక్ష.

జొన్నరొట్టె ఒక్కటియే చాలునా?

తెలంగాణలో జొన్నరొట్టె, జొన్నగటక పేదల ప్రధానాహారముగా నుండెను. ఇట్టివారిలో కొందరికి పెల్లాగ్రా వ్యాధి కనిపించెను. ఎండ తగిలినచోట చర్మము నల్లబడి పొరలు లేచుట, విరేచనములు, మతిచలనము దీని గుర్తులు. అమెరికాలో మొక్కజొన్న తిను పేదలలో ఈ వ్యాధి ఆహారలోపమువలననే కలుగునని గోల్డ్‌బెర్గర్ నిరూపించెను. 1937లో ఎల్వెజెమ్ నికోటినిక్ ఆమ్లము దీనికి ఔషధమని తెలిపెను. జొన్నలో లూసిన్ అను ఆమైనో ఆమ్లము అధికముగా నుండుట ఈ వ్యాధికి హేతువని 1960లో గోపాలన్, శ్రీకాంతియా అను మన శాస్త్రజ్ఞులు సూచించిరి. ఈ సిద్ధాంతముపై తరువాత వాదోపవాదములు జరిగినవి. కాని ఆచరణకు కావలసిన పాఠము స్పష్టము : జొన్న చెడ్డది కాదు, జొన్న ఒక్కటియే తినుట చెడ్డది. పప్పు, పాలు, ఆకుకూర దానికి తోడు కావలెను.

వృద్ధులకు ఈ పాఠము మరింత అవసరము. పండ్లు ఊడినవారు అంబలితోడను, మెత్తని అన్నముతోడను సరిపెట్టుకొందురు. అప్పుడు మాంసకృత్తులు తగ్గి కండరములు క్షీణించును. 60 కిలోల బరువున్న మనుష్యునికి దినమునకు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు కావలెను. మెత్తగా ఉడికిన కందిపప్పు, పెరుగు, గ్రుడ్డు, చేప ఈ లోటును తీర్చగలవు.

ఎల్లాప్రగడ వారి కానుక

భీమవరములో 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు ఇచట స్మరింపదగినది. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్, ఈస్టు సారములో దానిని నయముచేయు పదార్థము కలదని 1931లో ప్రకటించెను. అది ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలినది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు నాయకత్వమున పనిచేసిన బృందము 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసెను. స్ప్రూ వ్యాధికిని, ఒక జాతి రక్తహీనతకును అది దివ్యౌషధమయ్యెను.

అయితే కొలది కాలములోనే ఒక చిక్కు బయటపడినది. బి12 విటమిన్ లోపమువలన రక్తహీనత కలిగినవారికి ఫోలిక్ ఆమ్లము ఇచ్చినపుడు రక్తము బాగుపడెను. కాని నరముల క్షీణత ఆగలేదు. పైకి రోగము తగ్గినట్లు కనిపించుచుండగా లోపల అది పెరుగుచుండెను! 1948లో బి12ను వేరుచేయుటతో ఈ చిక్కు విడిపోయెను. వయస్సు మీరినకొలది కొందరి జీర్ణకోశము ఆహారములోని బి12ను సరిగా గ్రహింపజాలదు. మాంసము, పాలు తినని వారికి ఆ కొరత మరింత ఎక్కువ. కావున రక్తహీనత కలిగిన వృద్ధుడు రక్తపరీక్ష చేయించుకొనక ఏదో ఒక బిళ్ళ మ్రింగుట ప్రమాదకరము.

బొగ్గుబావిలో ఉప్పునీరు

గనులలోనే పుట్టిన పుష్టిద్రవ్యము ఒకటి కలదు. వేడి గనులలో చెమటోడ్చి, వట్టి నీరు త్రాగిన ఇంగ్లీషు కార్మికులకు కండరములు తీవ్రముగా పట్టుకొనుచుండెను. 1923లో మాస్ అను పరిశోధకుడు, చెమటతో ఉప్పు నష్టపోవుటయే దీనికి కారణమని చూపెను. నీటిలో కొద్దిగా ఉప్పు కలిపి యిచ్చినపుడు బాధ తగ్గెను. ఎండాకాలమున 45 డిగ్రీలు దాటు రామగుండములో ఉప్పు వేసిన మజ్జిగ త్రాగు అలవాటు ఇట్టిదే.

కాని చెమట చిందించు రోజులు గడిచిన తరువాత అదే ఉప్పు శత్రువగును. పచ్చడి, ఊరగాయలతో ఎక్కువ ఉప్పు తినుట రక్తపుపోటును పెంచును. దినమునకు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. వయస్సునుబట్టి, పనినిబట్టి అవసరము మారునని చెప్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు.

ఎండ విషయమును చూడుడు. 1919లో బెర్లిను వైద్యుడు హుల్డ్‌షిన్‌స్కీ, అతినీలలోహిత దీపకాంతితో పిల్లల రికెట్సు వ్యాధిని నయముచేసెను. ఎండ తగిలినపుడు మన చర్మము డి విటమిన్‌ను తయారుచేయును. పగటివేళ భూగర్భమున గడపువారికి ఈ అవకాశము తక్కువ. వృద్ధుల చర్మమునకు ఈ శక్తియు తక్కువ. లోపమున్నవారికి వైద్యుడు డి విటమిన్ ఇచ్చుట న్యాయమే. కాని అమెరికాలో 25,871 మందిపై జరిపిన పరీక్షలో, లోపమును చూడక అందరికిని ఇచ్చిన డి విటమిన్‌వలన ఎముకలు విరుగుట తగ్గలేదని 2022లో తేలినది. మితిమీరినచో రక్తమున కాల్షియము పెరిగి మూత్రపిండములకు హాని కలుగును.

మేలు తలచి చేసిన కీడు

ధూళిలో పనిచేసినవారును, పొగ త్రాగువారును తప్పక తెలిసికొనవలసిన కథ యిది. కారెట్టు, ఆకుకూరలు ఎక్కువగా తినువారికి ఊపిరితిత్తుల పుట్టకురుపు తక్కువగా వచ్చునని గమనించి, వానిలోని బీటా కెరోటీనును బిళ్ళగా ఇచ్చి చూచిరి. ఫిన్లండులో 50 నుండి 69 ఏండ్ల వయస్సుగల 29,133 మంది పొగత్రాగు పురుషులపై పరీక్ష జరిగెను. 1994లో ఫలితము వెలువడగా అందరును దిగ్భ్రాంతి చెందిరి. బిళ్ళలు తిన్నవారిలో ఆ పుట్టకురుపు 18 శాతము ఎక్కువగా నుండెను! అమెరికాలో పొగత్రాగువారిపైన, రాతినార ధూళిలో పనిచేసినవారిపైన జరిగిన మరియొక పరీక్షలోను కీడే కనిపించుటచే, 1996లో దానిని గడువునకు 21 నెలల ముందే నిలిపివేసిరి.

బొగ్గుధూళి, రాతినార ఒకటి కావు. అయినను బీడీ త్రాగుచు, "ఊపిరితిత్తుల బలము"నకై ఇట్టి బిళ్ళలు మ్రింగువాడు తన ధనముతో అపాయమును కొనుచున్నాడని గ్రహింపవలెను. కూరలో నున్నపుడు మేలుచేసినది, విడదీసి అధికముగా ఇచ్చినపుడు మేలుచేయునను నమ్మకము లేదు. ధూళిలో పనిచేయువారు బెల్లము తినుట మనదేశమున పలుచోట్ల ఆచారము. బెల్లము ఎలుకల ఊపిరితిత్తులనుండి ధూళి తొలగుటకు తోడ్పడెనని లక్నో శాస్త్రజ్ఞులు 1994లో ప్రకటించిరి. కాని ఎలుకలకు జరిగినది మనుష్యులకు జరుగునని చెప్పజాలము. ధూళిని నీటితో అణచుట, ముఖమునకు ముసుగు ధరించుట, క్రమముగా వైద్యపరీక్ష చేయించుకొనుట - వీనికి బెల్లము బదులు కానేరదు. మధుమేహము కలవారికి అది హానికరము కూడ.

అలవాట్ల లెక్క

మరి ఆయువును పెంచునదేది? 1953లో లండనులో జెర్రీ మారిస్, బస్సు నడుపువారిని, మేడబస్సు మెట్లెక్కి దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లను పోల్చి చూచెను. కూర్చుండి పనిచేయు డ్రైవర్లలో గుండెజబ్బు ఎక్కువగా నుండెను. ఒకప్పుడు తట్టతో బొగ్గు నింపినవాని కొడుకు నేడు ఓపెన్‌కాస్టు గనిలో యంత్రముపై కూర్చుండి పనిచేయుచున్నాడు. అతనికి నడక ఇప్పుడు ప్రత్యేకముగా అలవరచుకొనవలసినదైనది.

1965లో కాలిఫోర్నియాలోని అలమీడా మండలమున 6,928 మంది అలవాట్లను వ్రాసికొని, బ్రెస్లో, బెల్లక్ అను పరిశోధకులు వారిని కొన్ని యేండ్లు పరిశీలించిరి. పొగ త్రాగకుండుట, మద్యము మితముగా తీసికొనుట లేక మానుట, 7, 8 గంటల నిద్ర, వ్యాయామము, తగిన బరువు, ఉదయము భోజనము చేయుట, నడుమ నడుమ చిరుతిండి తినకుండుట - ఇవి ఆ ఏడు అలవాట్లు. వీనిలో ఆరైనను పాటించు 45 ఏండ్ల పురుషుడు, మూడింటికి మించి పాటింపనివానికంటె 11 ఏండ్లు అధికముగా జీవింపగలడని వారి లెక్క తేల్చెను. చివరి రెండింటి ప్రాముఖ్యము తరువాతి పరిశీలనలలో తగ్గినను, తక్కినవి నేటికిని నిలిచియున్నవి.

గనిప్రాంతమున వీనిని పాటించుట సులభము కాదు. షిఫ్టు మారినప్పుడెల్ల నిద్ర చెడును. బొగ్గుగని లోపల పొగ త్రాగుట నిషిద్ధమగుటచే కొందరు పొగాకు నమలుట అలవరచుకొందురు. అది నోటి పుట్టకురుపునకు దారితీయును. కావున ఈ భారమంతయు కార్మికునిపైననే మోపుట న్యాయము కాదు. షిఫ్టుల ఏర్పాటు, ధూళి నివారణ, వైద్యపరీక్ష గనుల యాజమాన్యము బాధ్యతలు. 1955 నాటి గనుల నియమములు అయిదేండ్లకొకసారి వైద్యపరీక్షను ఏర్పాటుచేసినది ఈ ఉద్దేశముతోనే.

పుష్టిబిళ్ళ శత్రువు కాదు. బెరిబెరి, పెల్లాగ్రా, రక్తహీనతలను జయించినది విటమినులే. లోపమున్నచోట అవి ప్రాణము పోసినవి. లోపము లేనిచోట చాలవరకు నిష్ఫలమైనవి. కొన్నిచోట్ల కీడు చేసినవి. కావున బిళ్ళ కొనుటకు ముందు "నాకేమి లోపము? దానిని ఎవరు పరీక్షించిరి?" అని అడుగవలెను. ఉపాధ్యాయులు విద్యార్థులచేత తమ యింట తాతలు, నాయనమ్మలు ఒక వారము తిను ఆహారమును వ్రాయించి, పప్పు, పాలు, ఆకుకూర ఎన్నిమార్లు వచ్చినవో లెక్కింపజేయవచ్చును. ఆ పట్టికలోని ఖాళీలను వంటయింటిలోనే పూరించుటకు చాలవరకు వీలగును.