ఇటుకల పండుగ నేర్పిన విత్తన పాఠం

మన చరిత్ర అనగానే తిరుగుబాట్లు గుర్తుకొస్తాయి. 1879 రంప పితూరీ, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద జరిగిన దాడి, 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ అమరత్వం మనందరికీ తెలుసు. ఆ వీరులకు జోహార్లు అర్పిస్తూనే, ఈ సంచికలో మన యువతతో మరో చరిత్ర పంచుకోవాలనుకుంటున్నాం. అది మన చదువు చరిత్ర.

బడి రాకముందు కొండల్లో పిల్లలకు చదువే లేదని చాలామంది అనుకుంటారు. మనలోనూ కొందరు అలాగే అనుకుంటారు. అక్షరం లేని మాట నిజమే. కానీ విత్తనం ఎలా బతుకుతుంది, ఎప్పుడు మొలుస్తుంది, ఎందుకు పుచ్చిపోతుంది అనే చదువు మన ఊళ్లలో ఉండేది. దానికి పండుగే బడి, పొయ్యి మీది అటకే పుస్తకాల బీరువా, పోడు చేనే పరీక్ష. ఆ చదువు ఎలా నడిచింది, ఎక్కడ తెగింది, మళ్లీ ఎలా అతకాలి అన్నదే ఈ వ్యాసం.

పండుగలో దాగిన పాఠం

విశాఖ మన్యంలో, అంటే 2022లో ఏర్పడిన నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, చైత్రమాసం వస్తే ఇటుకల పండుగ. భగత, కొండదొర, వాల్మీకి, కోటియా, పోర్జా వంటి ఎన్నో తెగలు దీన్ని జరుపుకుంటాయి. సరిహద్దు దాటి కొరాపుట్ వైపు వెళ్తే అదే మాసంలో చైత్ పొరబ్ జరుగుతుంది. గోదావరి పక్క కోయలకు విజ్జ పండుం ఉంది. విజ్జ అంటే విత్తనం.

ఇటుకల పండుగ అంటే ఇప్పుడు చాలామందికి మగవాళ్ల వేట, ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలబడి వసూలు చేసే పజోరు, రాత్రంతా థింసా ఆట మాత్రమే గుర్తుంటాయి. కానీ పండుగకు మూలం విత్తనం. ఊరికో తీరు ఉన్నా, ప్రధానమైన పద్ధతి ఒకటే. ప్రతి ఇంటి నుంచి విత్తనాలు తెచ్చి ఊరి దేవత దగ్గర పెడతారు. సామ, చోడి, కొర్ర, కంది, జొన్న, ఏ ఇంట్లో ఏది ఉంటే అది. పూజారి పూజ చేసి, ఆ విత్తనాలను కలిపి, తిరిగి అందరికీ పంచుతాడు. ఇంటికి తెచ్చుకున్న ఆ పిడికెడు విత్తనాన్ని దాచుకున్న విత్తనంలో కలుపుకుంటారు. ఆ తర్వాతే దుక్కి, విత్తడం.

ఇందులో పిల్లలు ఏం నేర్చుకునేవారో గమనించండి. ఊళ్లో ఉన్న విత్తన రకాలన్నీ ఒకేచోట, ఒకేరోజు కళ్ల ముందు ఉంటాయి. సామకూ కొర్రకూ తేడా ఏమిటో ఎవరూ బల్ల మీద రాసి చెప్పనక్కర్లేదు. చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది. తిండిగింజ వేరు, విత్తనం వేరు అన్నది రెండో పాఠం. రూపంలో రెండూ ఒకటే. కానీ ఒకటి గంజిలోకి, రెండోది దేవత ముందుకు వెళ్తుంది. ఆకలి కాలంలోనూ విత్తనం మూట విప్పకూడదన్న నియమం పిల్లల మనసులో అలా నాటుకునేది.

మూడో పాఠం అన్నిటికంటే లోతైనది. ఒక ఇంటి విత్తనం ఏటా అదే చేలో పడుతుంటే, ఆ ఇంటికి తెగులో కరువో వచ్చిన ఏడు ఆ రకమే అంతరించిపోవచ్చు. పండుగలో కలిపి పంచడం వల్ల ప్రతి ఇంటి విత్తనమూ ఊరంతా తిరుగుతుంది. ఒకరి చేను పోయినా ఆ రకం మరొకరి చేలో బతికి ఉంటుంది. శాస్త్రవేత్తలు జన్యు వైవిధ్యం అని పిలిచేదాన్ని మన పెద్దలు పిడికెడు గింజల ఇచ్చిపుచ్చుకోవడంతో కాపాడారు.

కొత్తల కట్టుబాటు

విత్తనం ఎప్పుడు పక్వానికి వస్తుందో నేర్పినవి కొత్త పండుగలు. కొర్రకొత్త, కందికొత్త, మామిడికొత్త. ఆ పండుగ జరిగేదాకా ఆ పంటను ఎవరూ ముట్టరు. దేవతకు పెట్టకుండా తింటే కీడు అని పెద్దలు చెప్పేవారు. పిల్లలకు అది భయం. కానీ ఆ భయం చేసిన పని ఏమిటో ఇప్పుడు ఆలోచిద్దాం.

గింజ పాలు పోసుకుని, గట్టిపడి, ఆరితేనే అందులో మొలకకు కావలసిన ఆహారం పూర్తిగా నిండుతుంది. పచ్చిగా కోసిన గింజ మొలవదు, మొలిచినా బలంగా ఎదగదు. మామిడి కూడా అంతే. టెంక ముదరకముందే కాయలన్నీ రాలగొడితే కొత్త చెట్టుకు విత్తనం ఉండదు. అందరూ ఒక గడువు దాకా ఆగడం వల్ల విత్తనానికి ముదిరే సమయం దొరికేది. మన పెద్దలు దీన్ని విజ్ఞానశాస్త్రమని పిలవలేదు. కట్టుబాటు అన్నారు. పేరు ఏదైనా పని జరిగింది.

ఈ పండుగల వరుస కూడా ఒక పాఠమే. పోడులో అయిదారు రకాలు కలిపి చల్లేవారు. ముందు చిరుధాన్యాలు కోతకు వస్తాయి, కంది మాత్రం చలికాలం దాకా నిలబడి పండుతుంది. అందుకే కొర్రకొత్త ముందు, కందికొత్త తర్వాత. ఏ మొక్క ఎన్నాళ్లు బతుకుతుందో పిల్లలు పండుగల లెక్కతో చెప్పగలిగేవారు.

అటక మీది జీవం

దాచిన విత్తనం చూడడానికి రాయిలా ఉంటుంది. కానీ అది చచ్చినది కాదు, నిద్రపోతున్నది. లోపల ఒక చిన్న మొక్క ముడుచుకుని ఉంటుంది. అది అతి నెమ్మదిగా శ్వాసిస్తూ, తన చుట్టూ ఉన్న ఆహారాన్ని కొద్దికొద్దిగా వాడుకుంటుంది. తేమ తగిలితే, వేడి పెరిగితే ఆ నిద్ర చెదురుతుంది. ఆహారం త్వరగా ఖర్చవుతుంది, పురుగు పడుతుంది, బూజు పడుతుంది. విత్తనం దాచడమంటే ఆ నిద్ర చెదరకుండా చూడడమే.

మన అమ్మలు, అమ్మమ్మలు చేసింది ఇదే. కోతకు ముందే చేలో తిరిగి, నిండైన కంకులు ఏరి పక్కన పెట్టేవారు. బాగా ఎండబెట్టి, బూడిద కలిపి, ఎండిన సొరబుర్రల్లో పోసి మూతి బిగించేవారు. జొన్న పొత్తులు పొయ్యి పైన వేలాడదీసేవారు. ఆ పొగకు గింజలో తేమ చేరదు, పురుగు దగ్గరికి రాదు. విత్తనాల విషయంలో మన ఇళ్లలో మొదటి గురువులు ఆడవాళ్లే. ఈ మాట మన చరిత్రలో స్పష్టంగా రాసుకోవాలి.

ఇక తొలకరి. నీరు తగలగానే గింజ ఉబ్బుతుంది, పైతొక్క చిట్లుతుంది. ముందు బయటికొచ్చేది వేరు. పాఠ్యపుస్తకంలో ప్రథమ మూలం అని చదివేది అదే. గింజ తలకిందులుగా పడినా వేరు కిందికే తిరుగుతుంది. ఆ తర్వాత ప్రథమ కాండం పైకి లేస్తుంది. ఆకు విచ్చుకుని ఎండను అందుకునేదాకా మొలకను పోషించేది గింజలో దాగిన ఆహారమే. సామలాంటి చిన్న గింజలో ఆ ఆహారం తక్కువ కాబట్టి పైపైనే చల్లాలి, లోతుగా పడితే మట్టి చీల్చుకుని పైకి రాలేదు. కంది గింజ పెద్దది, కాస్త లోతున పడినా లేస్తుంది.

ఇంకో వింత చూడండి. బొబ్బర్లు మొలిచినప్పుడు గింజలోని రెండు పప్పులూ, అంటే బీజదళాలు, మట్టి చీల్చుకుని పైకి వస్తాయి. కంది మొలిచినప్పుడు అవి మట్టిలోనే ఉండిపోయి, మొలక మాత్రమే పైకి వస్తుంది. కలుపు తీయడానికి వెళ్లే పిల్లలు మొలకను చూసి ఇది పంట, ఇది కలుపు అని గుర్తుపట్టింది ఇలాంటి తేడాలతోనే.

ఎక్కడ తెగింది

ఈ చదువు తెగిపోవడానికి ఒక్క కారణం లేదు. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత అడవులు రిజర్వుల కిందికి వెళ్లడం మొదలైంది. పోడుకు ఆంక్షలు, జరిమానాలు వచ్చాయి. పోడు తగ్గితే కలిపి చల్లే పంటలు తగ్గాయి. పంట తగ్గితే ఆ విత్తనం గురించి పిల్లలకు చెప్పే సందర్భమూ తగ్గింది.

తర్వాత బడి వచ్చింది. బడి మనకు శత్రువు కాదు, మన హక్కు. 1940లలో నిజాం రాజ్యంలోని ఆదిలాబాద్‌లో, భీమ్ పోరాటం తర్వాత, హైమెండార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీలో వాచకాలు వచ్చాయి. పిల్లల భాషలో, పిల్లల ఊళ్లోనే చదువు అన్న ఆలోచన అది. స్వాతంత్ర్యం తర్వాత ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర, కోయ, గోండీ, కొలామీ, బంజారా అనే ఎనిమిది భాషల్లో ప్రాథమిక బోధన మొదలైంది. ఇవన్నీ మనకు మేలు చేసిన మలుపులు.

కానీ ఒక చిక్కు వచ్చింది. బడి తలుపులు తెరిచేది జూన్ రెండో వారంలో. మన్యంలో విత్తేది కూడా అప్పుడే. విత్తనం మట్టిలో పడే రోజుల్లో పిల్లలు పెట్టె సర్దుకుని హాస్టల్‌కు వెళ్తారు. కొర్రకొత్త నాటికి తరగతిలో ఉంటారు, ఇటుకల పండుగ ముందు పరీక్షల్లో ఉంటారు. విత్తనం క్యాలెండరూ బడి క్యాలెండరూ ఒకదానికొకటి ఎదురుపడ్డాయి. ఎవరూ కావాలని చేయలేదు. కానీ రెండు మూడు తరాల్లో నష్టం మాత్రం జరిగింది. ఈరోజు బీజదళం అంటే ఏమిటో పరీక్షలో రాయగలిగిన మన పిల్లల్లో చాలామంది సామనూ కొర్రనూ వేరుచేసి చూపలేరు.

తిండి కూడా మారింది. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం ఎన్నో ఇళ్ల ఆకలి తీర్చింది, దాన్ని తక్కువ చేయలేం. అయితే కంచంలోకి తెల్లన్నం వచ్చేకొద్దీ సామన్నం, చోడి అంబలి వెనక్కి తగ్గాయి. తినని పంటను ఎవరూ విత్తరు. విత్తని గింజ కొన్నేళ్లకు అటక మీదే చచ్చిపోతుంది. దాని వెంటే సంతలో ప్యాకెట్ విత్తనం వచ్చింది. సంకర విత్తనం మొదటి పంట బాగానే ఇస్తుంది. ఆ పంట నుంచి గింజ దాచి విత్తితే మొక్కలు ఒక తీరున రావు, దిగుబడి పడిపోతుంది. అంటే ఏటా కొనాల్సిందే. విత్తనం దాచే పని పోతే, దాచడం నేర్పే పనీ పోతుంది.

మన చేతిలో ఉన్నది

చట్టం విషయంలో యువత ఒకటి గుర్తుంచుకోవాలి. 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరు పెట్టి మాత్రం అమ్మకూడదు. మన పండుగలో మనం చేసే పంపకానికి దేశ చట్టం రక్షణ ఉంది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ప్రపంచం ఇప్పుడు గుర్తిస్తున్న గింజలు మన అటకల మీద ఏనాటి నుంచో ఉన్నాయి. ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. అవి ఉండగానే మనం కదలాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పెద్ద పనులు అడగడం లేదు. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు అమ్మమ్మ దగ్గర కూర్చుని, ఉన్న విత్తనాల పేర్లు మన భాషలో రాసుకోండి. ఏది ఎప్పుడు విత్తుతారు, ఎలా దాస్తారు, ఏది ఇప్పుడు దొరకడం లేదు అన్నది కూడా రాయండి. చిన్నపిల్లలను కూర్చోబెట్టి తడిగుడ్డలో వంద గింజలు వరుసగా పేర్చించండి. వారం రోజుల్లో ఎన్ని మొలిచాయో వాళ్లనే లెక్కపెట్టమనండి. ఎనభై మొలిస్తే నూటికి ఎనభై. లెక్కల పాఠం, మొక్కల పాఠం రెండూ అయిపోతాయి. గాజు గ్లాసు అంచుకు తడికాగితం పెట్టి, ఒక పక్క కంది, ఒక పక్క బొబ్బర్లు నాటితే, పప్పు పైకి లేచేది ఏదో కింద ఉండిపోయేది ఏదో వాళ్లే చెబుతారు. హాస్టల్ ఆవరణలో నాలుగు గజాల నేల దొరికితే, ఉపాధ్యాయుల అనుమతితో జూన్‌లోనే సామ, చోడి, కంది కలిపి చల్లండి. విత్తే రోజులకు పిల్లలు ఇంటికి వెళ్లలేకపోతే, విత్తనాన్నే వాళ్ల దగ్గరికి తీసుకెళ్దాం.

ఇటుకల పండుగ ఇంకా బతికే ఉంది. డప్పు మోగుతోంది, థింసా కాళ్లు కదులుతున్నాయి. వచ్చే చైత్రంలో పూజారి విత్తనాలు పంచేటప్పుడు పిల్లలను ముందు వరుసలో నిలబెడదాం. వాళ్ల చేతిలో ఒక్కో రకం పెట్టి, దాని పేరేమిటో, అది ఎప్పుడు నిద్ర లేస్తుందో చెబుదాం. చెప్పాలంటే ముందు మనకు తెలియాలి. కాబట్టి ఈ ఏడాదే నేర్చుకుందాం.

విత్తనాన్ని తరతరాలుగా కాపాడిన మన తల్లులందరికీ జోహార్!