ఇండియన్ ఓపెన్ స్నూకర్: తెలుగు నగరాల్లో ఆఖరి రౌండ్లు

ఇండియన్ ఓపెన్ అనేది ర్యాంకింగ్ హోదా ఉన్న ప్రొఫెషనల్ స్నూకర్ టోర్నమెంటు. 2013లో మొదలై 2019 వరకు అయిదుసార్లు జరిగింది. వాటిలో రెండుసార్లు, అదీ వరసగా, తెలుగు నగరాలే వేదికలయ్యాయి: 2016 జులై 5 నుంచి 9 దాకా హైదరాబాదు, 2017 సెప్టెంబరు 12 నుంచి 16 దాకా విశాఖపట్నం. హైదరాబాదు ఫైనల్లో స్కాట్లండుకు చెందిన ఆంటొనీ మెక్‌గిల్ ఇంగ్లండు ఆటగాడు కైరన్ విల్సన్‌ను 5–2తో ఓడించాడు. మరుసటేడు విశాఖలోనూ మెక్‌గిల్ ఫైనల్ దాకా వచ్చి, సాటి స్కాట్లండు ఆటగాడు జాన్ హిగిన్స్ చేతిలో 1–5తో ఓడాడు.

ఈ రెండు వేదికలనూ కలిపే దారి జగ్గయ్యపేట దగ్గరి చిల్లకల్లు మీదుగా పోతుంది. హైదరాబాదు నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి కోదాడ దాటాక ఆంధ్రలో అడుగుపెట్టి, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల గుండా విజయవాడ చేరుతుంది. అక్కడ 16వ నంబరు రహదారి అందుకుంటే విశాఖ. పత్తి, మిరప పండే చిల్లకల్లు చుట్టుపక్కల మెట్ట పల్లెల్లో పన్నెండడుగుల స్నూకర్ బల్లను దగ్గర నుంచి చూసినవారు తక్కువ. క్యారమ్ బోర్డు తెలియని ఇల్లు మాత్రం అరుదు. స్నూకర్‌ను అర్థం చేసుకోవడానికి ఆ క్యారమ్స్ చాలు. రెడ్డు వేసి ఫాలో వేయకపోతే రెడ్డు మళ్లీ బోర్డు మీదికి వస్తుందని ఎరిగినవాడికి స్నూకర్ సగం తెలిసినట్టే.

స్నూకర్ బల్ల మీద పదిహేను ఎర్ర బంతులు, ఆరు రంగు బంతులు, కొట్టడానికి ఒక తెల్ల బంతి, మొత్తం ఇరవై రెండు ఉంటాయి. ఎరుపు పడితే ఒక పాయింటు. ఆ వెంటనే ఏదో ఒక రంగు వేయాలి: పసుపుకు 2, ఆకుపచ్చకు 3, గోధుమకు 4, నీలానికి 5, గులాబికి 6, నలుపుకు 7. పడిన ఎరుపు మళ్లీ పైకి రాదు. రంగు బంతిని మాత్రం తీసి దాని చోట పెడతారు. ఎరుపులన్నీ అయిపోయాక రంగులను విలువల వరసలో వేసి ముగిస్తారు. ప్రతి ఎరుపుకూ నలుపు జతచేసి బల్లంతా ఒక్కడే ఊడ్చేస్తే వచ్చేది 147. ఇలా ఒకసారి బల్ల ఖాళీ అయ్యే దాకా సాగేది ఒక ఫ్రేమ్. ఫ్రేముల లెక్కతో మ్యాచ్ తేలుతుంది.

ఊళ్లలో పార్లర్ల పుణ్యమా అని కుర్రకారుకు ఎక్కువ పరిచయమైన పూల్ ఆట దీనికి తమ్ముడి వరస. దాని బల్ల తొమ్మిదడుగులే, బంతులు కాస్త పెద్దవి. అంతర్జాతీయంగా ఎక్కువ పేరున్న నైన్‌బాల్ పద్ధతిలో బల్ల మీదున్న వాటిలో చిన్న అంకె బంతిని ముందు తాకించాలి, తొమ్మిదో బంతి సక్రమంగా పడితే ఆ ర్యాక్ (స్నూకర్ ఫ్రేము లాంటిది) గెలిచినట్టు. 2024లో జెద్దాలో జరిగిన ప్రపంచ పూల్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఫెడర్ గోర్స్ట్ 15–14తో ఎక్లెంట్ కాచీని ఓడించాడు. ఇరవై తొమ్మిది ర్యాకులు ఆడాల్సి వచ్చిన ఆ ఫైనల్ ఆఖరి ర్యాక్‌లోనే తేలింది. పూల్ చూసేవారికి ఒక్కో ర్యాక్ ఎవరి ఖాతాలో పడిందన్నదే లెక్క. స్నూకర్‌లో అలా కాదు. ప్రతి ఫ్రేములోనూ ఇంకో లెక్క నడుస్తుంటుంది. ఆఖరి రౌండ్ల ఉత్కంఠ అంతా ఆ లోపలి లెక్కలోనే ఉంటుంది.

బల్ల మీద మిగిలిందెంత?

ఈ ఆటను వెంబడించేవారు స్కోరు కన్నా ముందు చూసేది బల్ల మీద ఇంకా ఎన్ని పాయింట్లు మిగిలాయన్నది. లెక్క తేలికే. మిగిలిన ఒక్కో ఎరుపుకూ 8 చొప్పున (ఎరుపు 1, నలుపు 7), దానికి చివరి ఆరు రంగుల 27 కలపాలి. మూడు ఎరుపులుంటే 24, 27 కలిసి 51. నాలుగుంటే 59.

ఒక ఫ్రేములో ఒకడు 64తో, మరొకడు 12తో ఉన్నారనుకుందాం. తేడా 52. మూడు ఎరుపులే మిగిలాయి. వెనకబడినవాడు ఒక్క తప్పూ లేకుండా బల్లంతా ఊడ్చినా వచ్చేది 51, అంటే ఒక్క పాయింటు తక్కువ. క్రికెట్‌లో అయితే ప్రేక్షకులు ఇక లేచి వెళ్లిపోతారు. ఇక్కడ అసలు ఆట అప్పుడే మొదలవుతుంది. అతను ఇక బంతులు వేయడం మానేసి తెల్ల బంతిని ఏ గోధుమ బంతి వెనకో, ఆకుపచ్చ బంతి వెనకో దాచిపెడతాడు. ప్రత్యర్థికి ఎరుపు నేరుగా కనబడదు. అదే స్నూకర్ వేయడం. ప్రత్యర్థి అంచుకు కొట్టి తిప్పి తాకించాలి. తప్పితే ఫౌల్, కనీసం నాలుగు పాయింట్లు ఎదుటివాడికి పోతాయి. ఇలా ఫౌల్ పాయింట్లు లేకుండా గెలవలేని స్థితి ఎవరికీ లేనప్పుడు, తగినంత ప్రయత్నం చేయలేదని రెఫరీ అనుకుంటే ‘మిస్’ ప్రకటిస్తాడు. అప్పుడు బంతులను మునుపటి చోట్లలోనే పెట్టించి మళ్లీ కొట్టమనే హక్కు ఎదుటివాడికి వస్తుంది. 64–12 అయిపోయిందనుకున్న ఫ్రేము అరగంట తరువాత నల్ల బంతి దగ్గర తేలడం ఇలాగే జరుగుతుంది.

కళ్లతో ఈ ఘట్టం చూడటం ఒక ఎత్తు, అంకెల్లో వెంబడించడం మరో ఎత్తు. తెర మీద స్కోరు కదలకుండా అయిదారు నిమిషాలు ఆగిపోతే ఆట ఆగిందని కాదు, ఇద్దరూ సేఫ్టీలు (ఎదుటివాడికి అవకాశం ఇవ్వని దెబ్బలు) ఆడుతున్నారని అర్థం. ఉన్నట్టుండి ఒకరి ఖాతాలో 4, మళ్లీ 4, మళ్లీ 4 చేరుతూ పోతే ఎవరో స్నూకర్‌లోంచి బయటపడలేక సతమతమవుతున్నారు. ఒకటి, ఏడు, ఒకటి, ఏడు అని అంకె చకచకా పెరుగుతుంటే ఎరుపు, నలుపు వరసలో బ్రేకు (ఒకే దఫాలో వరసగా వచ్చే పాయింట్లు) సాగుతోంది. మ్యాచ్‌ను అంకెల్లో చదవగలగడం ఈ ఆట అభిమానికి దక్కే గొప్ప ఆనందాల్లో ఒకటి.

అయిదు రోజులు, ఆరు రౌండ్లు

ఇండియన్ ఓపెన్ తీరును నిర్ణయించింది దాని పొట్టి లెక్క. సెమీఫైనల్ దాకా ప్రతి మ్యాచూ ఏడు ఫ్రేములది, నాలుగు గెలిచినవాడు ముందుకు పోతాడు. ఫైనల్ తొమ్మిది ఫ్రేములది, అయిదు గెలవాలి. చివరి అరవై నలుగురి రౌండు నుంచి టైటిల్ దాకా ఆరు రౌండ్లు. అంటే గెలవాల్సింది మొత్తం 25 ఫ్రేములు. షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లో పదిహేడు రోజులు సాగే ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలవాలంటే 71 ఫ్రేములు కావాలి. క్రూసిబుల్‌లో ఉదయం వెనకబడినవాడికి సాయంత్రం పుంజుకునే వ్యవధి ఉంటుంది. హైదరాబాదు, విశాఖల్లో ఆ వెసులుబాటు లేదు. మూడు ఫ్రేములు చేజారితే నాలుగోది గెలిచి తీరాల్సిన స్థితి. అయిదు రోజుల్లో ఆరు రౌండ్లంటే ఏదో ఒక రోజు రెండు మ్యాచ్‌లు తప్పవు. నిలబడీ వంగీ, గురిచూసీ అలసిన ఒంటితోనే ఆఖరి పోరుకు దిగాలి.

ఈ పొట్టితనం వల్ల ఏం జరిగిందో విజేతల వరస చెబుతుంది. న్యూఢిల్లీలో జరిగిన 2013 తొలి పోటీలో చైనా మేటి ఆటగాడు డింగ్ జున్‌హుయీ గెలిచాడు. 2015 మార్చిలో ముంబయిలో వేల్స్‌కు చెందిన మైకేల్ వైట్ 5–0తో రికీ వాల్డెన్‌ను ఓడించాడు. అది వైట్‌కు తొలి ర్యాంకింగ్ టైటిల్. హైదరాబాదులో మెక్‌గిల్‌కూ అది తొలిదే. 2019లో కొచ్చిలో 5–3తో ల్యూ హావోటియన్‌ను ఓడించిన మాథ్యూ సెల్ట్‌కూ తొలిదే. అయిదుగురు విజేతల్లో ముగ్గురికి జీవితంలో మొదటి పెద్ద కప్పు భారత్‌లోనే దక్కిందన్నమాట. పేరున్నవాళ్లను పేరు లేనివాళ్లు పడగొట్టే వీలు ఏడు ఫ్రేముల మ్యాచ్‌లో ఎక్కువ. అందుకే ఇలాంటి పొట్టి టోర్నీల క్వార్టర్‌ఫైనల్ జాబితాలో తెలియని పేర్లను తీసిపారేయకుండా చూడటం మంచిది.

భారతీయుల విషయానికొస్తే, ఆ 2013 ఢిల్లీ పోటీకి ప్రత్యేక స్థానముంది. ముంబయికి చెందిన ఆదిత్య మెహతా ఫైనల్ చేరాడు. ఒక భారతీయుడు ర్యాంకింగ్ టోర్నీ ఫైనల్ ఆడటం అదే మొదటిసారి. ఫైనల్లో డింగ్ చేతిలో 0–5తో ఓడినా ఆ వారం దేశంలో స్నూకర్ అభిమానులు తలెత్తుకున్నారు. మన హైదరాబాదు నుంచి ప్రొఫెషనల్ టూరులోకి అడుగుపెట్టిన ఆటగాడు లక్కీ వత్నానీ.

హైదరాబాదు, విశాఖ

2016 పోటీకి మాదాపూర్ వైపునున్న హెచ్‌ఐసీసీ సమావేశ కేంద్రం వేదిక. క్యూ ఆటలకు హైదరాబాదు కొత్తదేమీ కాదు. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో నిజాం కాలపు బిలియర్డ్స్ గది ఇప్పటికీ చూపిస్తారు. అయితే అది దర్బారు వినోదం. ప్రపంచ ర్యాంకింగు కోసం ప్రొఫెషనల్స్ వచ్చి పోటీపడటం వేరే సంగతి.

ఫైనల్ చేరిన ఇద్దరూ 1991లో పుట్టినవారే. గ్లాస్గో కుర్రాడు మెక్‌గిల్‌కు అప్పుడు ఇరవై అయిదేళ్లు, విల్సన్‌కు ఇరవై నాలుగు. విల్సన్ అంతకు ముందు ఏడాదే షాంఘై మాస్టర్స్‌ను 10–9తో జడ్ ట్రంప్ మీద గెలిచి వచ్చాడు, కాబట్టి పెద్ద కప్పు అనుభవం అతనిదే. అయినా మెక్‌గిల్ అయిదు ఫ్రేములు ముందు పూర్తిచేశాడు.

విశాఖలో కథ వేరు. సముద్రపు ఒడ్డు, సెప్టెంబరు వానాకాలం, నొవోటెల్ హోటల్ వేదిక. బల్ల మీద పరిచే ఉన్ని గుడ్డకు గాలిలోని తేమ పడదు. తేమ పట్టిన గుడ్డ మీద బంతి జోరు తగ్గుతుంది, అంచుకు తగిలి తిరిగే కోణం మారుతుంది. ప్రొఫెషనల్ పోటీల బల్లల్లో పలక అడుగున వేడి పుట్టించే ఏర్పాటు పెడతారంటే కారణం అదే. ఇలాంటి సూక్ష్మాలన్నీ నరనరాన జీర్ణించుకున్నవాడు హిగిన్స్. 1998, 2007, 2009, 2011ల్లో ప్రపంచ ఛాంపియన్. ఆ ఏడాదే క్రూసిబుల్ ఫైనల్లో మార్క్ సెల్బీ చేతిలో 15–18తో ఓడి ఉన్నాడు. నలభై రెండేళ్ల వయసులో విశాఖలో గెలిచిన ఈ కప్పు అతని 29వ ర్యాంకింగ్ టైటిల్. అంతకు ముందు ఏటి విజేత మెక్‌గిల్ ఒక్క ఫ్రేము మాత్రమే గెలవగలిగాడు. మనకు దూరమైన ఆటలో అంత ఎత్తున ఉన్న మనిషి మన తీరంలో గెలిచి వెళ్లాడన్న సంగతి తెలుగునాట ఇంకా ఎక్కువమందికి తెలియాల్సింది.

ఈ ఆట పుట్టింది కూడా ఈ దేశంలోనే. 1875లో జబల్పూరు సైనిక మెస్సులో నెవిల్ చేంబర్లేన్ అనే యువ అధికారి అప్పటికున్న క్యూ ఆటలను కలిపి దీన్ని రూపొందించాడని చెబుతారు. వూలిచ్ సైనిక అకాడమీలో కొత్తగా చేరిన కుర్రాళ్లను ‘స్నూకర్లు’ అని పిలిచేవారు. బంతి వేయలేకపోయిన ఒక సహచరుణ్ని అతను ఆ మాటతో పిలవడంతో ఆటకు ఆ పేరు స్థిరపడిపోయింది. 1882లో ఊటీ క్లబ్బులో నియమాలు రాసి గోడకు తగిలించారు. 

తరువాతి ఫ్రేములు

హైదరాబాదు ఫైనల్ ఆడిన ఇద్దరూ నాలుగేళ్ల తరువాత, 2020లో, క్రూసిబుల్ సెమీఫైనల్లో మళ్లీ తలపడ్డారు. ముప్పై రెండు ఫ్రేములు ముగిసేసరికి 16–16. నిర్ణాయక ఫ్రేములో మెక్‌గిల్ ఒక స్నూకర్‌లో చిక్కుకుని ఫౌల్ మీద ఫౌల్ చేస్తూ 35 పాయింట్లు సమర్పించుకున్నాడు. పైన చెప్పుకున్న మిస్ నియమం ఎంత నిర్దయగా పనిచేస్తుందో చూడాలంటే ఈ ఒక్క ఫ్రేము చాలు. అయినా అతను వదల్లేదు. గంట దాటి సాగిన ఆ ఫ్రేము 103–83తో విల్సన్‌కు దక్కింది. ఇద్దరివీ కలిపి 186 పాయింట్లు, ఒక్క ఫ్రేములో క్రూసిబుల్ రికార్డు. ఆకుపచ్చ బంతి అనుకోకుండా పడటం విల్సన్‌కు కలిసొచ్చింది. గెలిచినవాడే కన్నీళ్లు పెట్టుకున్నాడు.

2019 కొచ్చి పోటీ తరువాత ఇండియన్ ఓపెన్ జరగలేదు. హైదరాబాదులో రన్నరప్‌గా మిగిలిన కైరన్ విల్సన్ 2024 మే 6న షెఫీల్డ్‌లో జాక్ జోన్స్‌ను 18–14తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.